కార్డు చేతిలో ఉంది, జాబితాలో పేరు లేదు. అమ్మ ఓటు సంగతి ఏం చెయ్యాలి?

కంచరపాలెం_చిన్నా
2024 మే 13 నాటి సంగతి నాకింకా మింగుడు పడట్లేదు. ఉదయం ఏడింటికే అమ్మని బూత్‌కి తీసుకెళ్లాను. అమ్మ దగ్గర పాత ఓటరు కార్డుంది. నాన్న బతికున్నప్పటిది, నలుపు తెలుపు ఫొటో. అంచులు పసుపెక్కిపోతే అగరొత్తుల కవరులో పెట్టి బియ్యం డబ్బా మీద దాచుకుంది. గంటన్నర లైన్లో నిలబడ్డాం. లోపల మొదటి ఆఫీసరు జాబితా తిప్పి, ఒక గడి మీద వేలు ఆపి, "అమ్మా, మీ పేరు తీసేశారు" అన్నాడు. తొంగి చూశాను. అమ్మ ఫొటో ఉంది, పేరుంది, ఇంటి నంబరుంది. వాటి మీద ఏటవాలుగా తొలగింపు ముద్ర. పక్కన "ఈ" అని అక్షరం. అంటే ఏంటని బయట హెల్ప్ డెస్కులో అడిగితే "చనిపోయారని" అన్నారు. అమ్మ నా పక్కనే నిలబడి వింటోంది.

మా వీధిలో ముగ్గురు అప్పలనరసమ్మలున్నారు. ఒకావిడ 2022లో పోయారు. ఆవిడ పేరు తియ్యబోయి మా అమ్మది తీసేశారు. పోయినావిడ పేరు జాబితాలో అలాగే ఉంది!

అప్పుడు కోపంతో ఊరుకున్నాను. ఇప్పుడు "సర్", అంటే ఇంటింటికీ తిరిగి ఓటరు జాబితా మొత్తం సరిచూసే ప్రత్యేక సవరణ, మన రాష్ట్రానికీ వస్తుందని అందరూ అంటున్నారు. కార్డున్నా ఓటు లేదంటే ఆ కార్డు ఎందుకిచ్చినట్టు? మళ్లీ పేరు ఎక్కించాలంటే దారేంటి?

ఎంవీపీ_లక్ష్మి
చదువుతుంటే కడుపు తరుక్కుపోయింది. బతికున్న మనిషిని ఎదురుగా పెట్టుకుని చనిపోయారని చెప్పడమేంటండీ.

సాగరతీరం
మీరు ఎన్నికల నియమాల్లోని 49పీ కింద ఓటు అడగాల్సింది. టెండరు ఓటు. ఇవ్వకపోతే గొడవ చెయ్యాలి. ఫోన్లలో అందరూ పంపుకున్నారు కదా ఆ రోజు.

డ్యూటీ_మాస్టారు
@సాగరతీరం, అది తప్పు. ఫోన్లలో తిరిగిన ఆ మెసేజి చాలామందిని తిప్పలు పెట్టింది. 49పీ వర్తించేది జాబితాలో మీ పేరుండి, మీరు వెళ్లేసరికి మీ ఓటు ఇంకెవరో వేసేసి ఉంటేనే. అప్పుడు మిషన్ మీద కాకుండా కాగితం బ్యాలెట్ ఇస్తారు, కవరులో విడిగా దాస్తారు. పేరే లేకపోతే, లేదా తొలగించి ఉంటే, ప్రిసైడింగ్ ఆఫీసరు చేతిలో ఏమీ ఉండదు. నేను ఎన్నో ఎన్నికల్లో ఆ కుర్చీలో కూర్చున్నాను. పేరు లేదని ఒక పెద్దాయనకి చెప్పాల్సి వస్తే ఎలా ఉంటుందో నాకు తెలుసు.

చిన్నా, అసలు విషయం ఇది. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 62వ సెక్షన్ ప్రకారం జాబితాలో పేరున్నవాడికే ఓటు. కార్డు మీరు మీరేనని చూపించడానికి మాత్రమే. కార్డు లేకపోయినా ఆధార్, పాన్, డ్రైవింగ్ లైసెన్సు, పాస్‌పోర్టు, ఫొటో ఉన్న బ్యాంకు పాస్‌బుక్కు, ఉపాధి హామీ జాబ్‌కార్డు, పింఛను కాగితం, ఇలా పన్నెండు రకాల్లో ఏదొకటి చూపించి ఓటెయ్యొచ్చు. పేరు లేకపోతే మాత్రం పన్నెండూ కలిపి పట్టుకెళ్లినా ప్రయోజనం లేదు. మనవాళ్లలో నూటికి తొంభై మంది దీన్ని తిరగేసి అర్థం చేసుకున్నారు.

అమ్మగారికి ఫారం-6 పెట్టండి, కొత్త ఓటరులాగే. ఫారం-8 కాదు, అది ఇల్లు మారినా, తప్పు దిద్దాలన్నా, కార్డు పోయినా పెట్టేది. పోయినావిడ పేరు మీద ఫారం-7 కూడా పెట్టండి.

గాజువాక_ఉక్కు
అమ్మగారికి జరిగింది అన్యాయమే, ఒప్పుకుంటా. కానీ రెండో వైపు కూడా చూడాలి. మా కాలనీలో సగం మందికి ఇక్కడొక ఓటు, శ్రీకాకుళం పక్క సొంతూళ్లో ఇంకో ఓటు. ప్లాంటులో ఉద్యోగానికి వచ్చి ముప్పై ఏళ్లయినా ఊళ్లో పేరు తీయించుకోరు. "అక్కడ తాతలనాటి ఓటు" అంటారు. పోయినవాళ్ల పేర్లు, పెళ్లై వెళ్లిపోయిన ఆడపిల్లల పేర్లు అన్నీ అలాగే ఉంటాయి. సర్ వస్తే రానీ. ఆధార్ కలిపేసి, బూత్‌లో వేలిముద్ర పెట్టిస్తే దొంగ ఓటు అనేదే ఉండదు.

జాలారి_నూకాలు
వేలిముద్రా? మా పేటకొచ్చి సూడండి. తాడు లాగీ లాగీ మా ఆయన వేళ్ల మీద గీతలే లేవు. రేషను కాడ వేలు పెడితే మిషను ఎర్ర లైటు కొడతాది. నాలుగు వేళ్లూ మార్చి మార్చి పెట్టి, ఆకరికి కన్ను సూపిత్తే బియ్యం ఇత్తారు. బియ్యమంటే రేపెల్లి తెచ్చుకుంటాం. ఓటు రేపుండదు గదా.

గాజువాక_ఉక్కు
అమ్మా, ఆ ఇబ్బంది నిజమే. దానికి కన్ను చూసే మిషన్లు పెట్టొచ్చు. ఇబ్బంది ఉందని తనిఖీయే వద్దంటే ఎలా?

పాతపోస్టాఫీసు
@గాజువాక_ఉక్కు, రెండు చోట్ల పేరుంది సరే, రెండు చోట్లా ఎలా వేస్తారు? మన రాష్ట్రమంతా ఒకే రోజు పోలింగ్. 2019 ఏప్రిల్ 11న, 2024 మే 13న తెలంగాణలో లోక్‌సభకీ అదే రోజు. పైగా వేలికి ఇంకు. 1962 నుంచి ఆ ఇంకే కాపలా కాస్తోంది. పొద్దున గాజువాకలో వేసి మధ్యాహ్నం పలాసలో వేసేవాడు ఇంకు చెరుపుకోవాలి, రైలూ పట్టుకోవాలి.

గాజువాక_ఉక్కు
ఆ మనిషి రెండు చోట్లా వెయ్యక్కర్లేదు సార్. రాని మనిషి పేరు జాబితాలో ఉండటమే ప్రమాదం. సాయంత్రం నాలుగు దాటాక ఎవరు రాలేదో ఏజెంట్ల దగ్గర లెక్కుంటుంది. ఆ పేరు మీద ఇంకొకడు వస్తాడు. మన అనకాపల్లినే తీసుకోండి. 1989లో కొణతాల రామకృష్ణ గారు లోక్‌సభకి గెలిచింది 9 ఓట్లతో. తొమ్మిది! అలాంటి చోట పది దొంగ ఓట్లు చాలు.

ఎంవీపీ_లక్ష్మి
పది దొంగ ఓట్లు చాలు అన్నారు. పది మంది అప్పలనరసమ్మల పేర్లు తీసేసినా చాలు కదండీ. ఆ 9 రెండు వైపులా కోస్తుంది.

సాగరతీరం
👏 లక్ష్మిగారూ, దీనికి జవాబు లేదు.

అరిలోవ_బుజ్జి
అప్పలనరసమ్మలంటే గుర్తొచ్చింది. మా బూత్‌లో అప్పలరాజులు పద్నాలుగు మంది. సింహాద్రి అప్పన్న నీడలో ఉన్నాం మరి! వీధిలో నిలబడి "అప్పలరాజూ" అంటే నాలుగు గుమ్మాల్లోంచి తలలు బయటికొస్తాయి. అందులో ఇద్దరికి తండ్రి పేరు కూడా ఒకటే, సింహాచలం. వయసులో ఏడాది తేడా. కంప్యూటరు ఆ ఇద్దర్నీ ఒక్కరే అనుకుంది. ఒకాయన ఆధార్ పట్టుకుని వార్డు సచివాలయం చుట్టూ మూడుసార్లు తిరిగి, ఇద్దరూ కలిసి వెళ్లి పక్కపక్కన నిలబడితే గానీ నమ్మలేదు.

డ్యూటీ_మాస్టారు
బుజ్జి చెప్పిన జబ్బుకి ఆఫీసు భాషలో ఒక పేరుంది: డెమోగ్రఫికల్లీ సిమిలర్ ఎంట్రీస్. పేరు, తండ్రి లేక భర్త పేరు, వయసు దగ్గరగా ఉంటే సాఫ్ట్‌వేర్ పైకి తీస్తుంది. ఫొటోలు పోలి ఉంటే ఫొటో సిమిలర్ ఎంట్రీస్. తీసేయమని సాఫ్ట్‌వేర్ చెప్పదు, ఇంటికెళ్లి చూడమని చెబుతుంది. బీఎల్‌ఓ, అంటే బూత్ జాబితా చూసుకునే ఉద్యోగి, ఇంటికెళ్తే బాగుపడుతుంది. బల్ల దగ్గర కూర్చుని టిక్కు కొడితే చిన్నా వాళ్లమ్మగారికి జరిగిందే జరుగుతుంది. ఒక్క బీఎల్‌ఓ కింద వెయ్యికి పైగా పేర్లుంటాయి. ఆ పని వాళ్ల అసలు ఉద్యోగం మీద అదనం. వాళ్లని తిట్టడం సులువు.

ఉత్తరాంధ్రలో సగం మందివి దేవుడి పేర్లు. అప్పన్న, నూకాలు, పైడితల్లి, సింహాచలం. ఈ పేర్ల సంగతి తెలిసినవాళ్లు ఒక్క రూలు రాయాలి: భర్త పేరు, ఇంటి నంబరు, ఫొటో, మూడూ సరిపోకుండా తీయకూడదని.

కంచరపాలెం_చిన్నా
మాస్టారూ, మరి తీసేముందు మాకు చెప్పాలి కదా? ఒక్క కాగితం రాలేదు.

డ్యూటీ_మాస్టారు
చెప్పాలి. 1950 చట్టం 22వ సెక్షన్‌లోనే ఉంది, తన వాదన చెప్పుకునే అవకాశం ఇవ్వకుండా పేరు తీయకూడదని. చనిపోయారన్న కారణానికి మాత్రం చట్టంలోనే మినహాయింపు ఉంది, పోయినవాళ్లకి నోటీసు ఇవ్వలేరు కదా. మీ అమ్మగారు ఆ సందులోంచి జారిపోయారు. బతికున్నవాళ్లని పోయారని రాస్తే కాపాడేవాళ్లే ఉండరు. నాకు ఎక్కువ భయం వేసేది ఇక్కడే.

పాతపోస్టాఫీసు
2019 మర్చిపోయారా అందరూ? ఎన్నికల ముందు ఫారం-7లు లక్షల్లో వచ్చి పడ్డాయి, ఆన్‌లైన్లో. ఎవరి పేరు మీద పెట్టారో ఆ మనిషికే తెలీదు. "మా ఓట్లు వాళ్లు తీయిస్తున్నారు" అని ఇటువాళ్లు, "దొంగ ఓట్లు వాళ్లు చేర్చారు" అని అటువాళ్లు. పోలీసు కేసులు కూడా అయ్యాయి. ఎన్నికలై గెలిచాక మాత్రం ఎవరికీ జాబితా గుర్తు రాదు. ఓడినవాళ్లు దొంగ ఓట్లంటారు, గెలిచినవాళ్లు జనతీర్పు అంటారు. అయిదేళ్లకి ఆ మాటలు అటూ ఇటూ మారతాయి.

మధురవాడ_కుమార్
ఇది పూర్తిగా ఆ పార్టీ వాళ్ల పనే, అందరికీ తెలుసు. వాళ్లు పుట్టిందే

నిర్వాహకుడు
పై పోస్టులో మిగతా భాగం తీసేశాను. పార్టీ తిట్లు వద్దు. మీ బూత్‌లో మీరు చూసింది రాయండి.

డల్లాస్_వాల్తేరు
నేను ఇరవై ఏళ్లుగా టెక్సస్‌లో ఉన్నా, పుట్టింది వాల్తేరు అప్‌ల్యాండ్స్‌లో. ఇక్కడ ఇదే గొడవ వేరే వేషంలో నడుస్తోంది. అందరికీ ఇచ్చే జాతీయ గుర్తింపు కార్డు ఇక్కడ లేదు. ఏ కార్డు చెల్లుతుందో ఒక్కో రాష్ట్రం తన చట్టంలో రాసుకుంటుంది. టెక్సస్ 2011లో చేసిన చట్టంలో తుపాకీ లైసెన్సు చూపిస్తే ఓటెయ్యొచ్చు, ప్రభుత్వ యూనివర్సిటీ విద్యార్థి కార్డు చూపిస్తే కుదరదు. ఏ కార్డు ఎవరి జేబులో ఎక్కువుంటుందో చూసుకుని చట్టం రాశారని డెమొక్రాట్లు అంటారు. ఎన్నికల మీద నమ్మకం నిలవాలంటే ఫొటో గుర్తింపు కావాలని రిపబ్లికన్లు అంటారు. ఇండియానా చట్టాన్ని 2008లో సుప్రీంకోర్టు 6-3తో సమర్థించింది. ఒకరి బదులు ఇంకొకరు బూత్‌కొచ్చి ఓటేసిన ఉదాహరణ ఇండియానాలో ఒక్కటీ రికార్డులో లేదని ఆ తీర్పులోనే ఉంది. అయినా సమర్థించింది.

నేను ఫొటో కార్డు అడగటం తప్పనను. మన దేశంలో కూడా నాకు అదే అలవాటు. కానీ కార్డు అడిగే ప్రభుత్వమే ముందు దాన్ని ప్రతి ఇంటికీ చేర్చాలి. ఆ విషయంలో మన దేశం చాలా ముందుంది, ఇది మాత్రం గట్టిగా చెబుతా.

అక్కయ్యపాలెం_రవి
బ్రిటన్‌లో మా తమ్ముడుంటాడు. అక్కడ 2023 మేలో స్థానిక ఎన్నికలప్పుడు ఇంగ్లండ్ అంతటా మొదటిసారి ఫొటో గుర్తింపు అడిగారు. కార్డు లేక వెనక్కి వెళ్లి మళ్లీ రానివాళ్లు కనీసం 14 వేల మంది అని అక్కడి ఎన్నికల కమిషనే లెక్క చెప్పింది. ఆ చట్టం తెచ్చిన ప్రభుత్వంలో మంత్రిగా చేసిన జేకబ్ రీస్-మాగ్, తర్వాత ఒక సభలో, ఇలాంటి ఎత్తులు వేసిన పార్టీకే అవి తిరిగి తగులుతాయని, కార్డు లేకుండా వచ్చిన ముసలివాళ్లలో ఎక్కువమంది తమ పార్టీకి వేసేవాళ్లేనని ఒప్పుకున్నాడు.

గాజువాక_ఉక్కు
అమెరికా, బ్రిటన్ సంగతి మనకెందుకు? మనకి కార్డు తెచ్చింది అప్పటి ప్రధాన ఎన్నికల కమిషనర్ శేషన్. 1993లో. కార్డులు ఇవ్వకపోతే ఎన్నికలే పెట్టనని రాష్ట్రాల మెడ మీద కూర్చున్నాడు. అంతకుముందు బూత్‌లు ఎలా ఉండేవో మా నాన్న చెప్పేవారు. ఆ రోజుల్లోకి మళ్లీ వెళ్లకూడదనే నా తపన. నేను ఎవరి ఓటూ తీసేయమనట్లేదు.

పాతపోస్టాఫీసు
శేషన్ గారిని గౌరవిస్తాను. ఆయన చేసింది కార్డు ఇవ్వడం. పేరు తీయడం కాదు. ఈ రెండూ వేరు.

జాలారి_నూకాలు
2024లో మే 13 వేట నిషేధంలో పడింది గాబట్టి మా మగోళ్లందరూ ఇళ్లకాడే ఉన్నారు, ఓట్లేసేరు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకూ బోట్లు ఒడ్డునే. అదే ఇంకో నెలలో సర్ అని కాగితాలొత్తే? సముద్రం మీద వారం ఉంటారు. మా పక్కోళ్ల కుర్రోడు గుజరాత్ ఎల్లి వీరావల్‌లో బోటు మీద పన్జేత్తాడు. ఇంటికి తాళం. బీఎల్‌ఓ వచ్చి తాళం సూసి ఎల్లిపోతే, ఈళ్లు ఊరొగ్గేసి ఎల్లిపోయేరని రాసేత్తారా?

డ్యూటీ_మాస్టారు
నూకాలమ్మా, మంచి ప్రశ్న. బీహార్‌లో జరిగింది చూసి చెబుతాను. 2025 జూన్ 24న సర్ ఆదేశం వచ్చింది. అప్పటికి 7.89 కోట్ల ఓటర్లు. ఆగస్టు 1 ముసాయిదా జాబితాకి 65 లక్షల పేర్లు తగ్గాయి: పోయినవాళ్లు, వలస వెళ్లినవాళ్లు, రెండు చోట్ల ఉన్నవాళ్లు, కనబడనివాళ్లు అని. ఆ 65 లక్షల పేర్లు కారణాలతో సహా బయటపెట్టమని సుప్రీంకోర్టు ఆగస్టు 14న చెబితే గానీ పెట్టలేదు. ఆధార్‌ని పన్నెండో పత్రంగా తీసుకోమని సెప్టెంబరు 8న చెప్పింది, పౌరసత్వానికి రుజువుగా కాదు, గుర్తింపుగా. సెప్టెంబరు 30 తుది జాబితా 7.42 కోట్లు. అంటే ముసాయిదాలో లేని చాలామంది, కొత్త ఓటర్లతో సహా, తర్వాత చేరారు. ఎవరు? కాగితం పట్టుకుని వెళ్లగలిగినవాళ్లు.

అక్టోబరు 27న ప్రకటించిన రెండో విడత పన్నెండు రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో మన రాష్ట్రం లేదు. మన వంతు వచ్చేలోపు ఇంట్లో ప్రతి ఒక్కరి పేరూ జాబితాలో చూసుకోండి. తాళం వేసిన ఇంటికి బీఎల్‌ఓ ఒక్కసారి కాదు, మూడుసార్లు రావాలని సర్ ఆదేశంలోనే ఉంది. ఆన్‌లైన్లో కూడా నింపి పంపొచ్చు. వీరావల్ కుర్రాడికి ఫోన్ చేసి ఇప్పుడే చెప్పండి.

అరిలోవ_బుజ్జి
మధురవాడ, కొమ్మాది వైపు కాలనీలకి మార్చినవాళ్ల సంగతి కూడా ఉంది. మురికివాడ నుంచి అపార్ట్‌మెంటుకి పంపారు, ఓటు పాత చోటే ఉండిపోయింది. పాత చోట ఇల్లే లేదు. వాళ్లందరూ ఫారం-8 పెట్టాలని ఎవరు చెప్పారు?

ఎంవీపీ_లక్ష్మి
మా పిన్ని అలాగే పోయింది జాబితాలోంచి. పెళ్లికి ముందు ఇంటిపేరు కార్డులో, తర్వాతి ఇంటిపేరు ఆధార్‌లో. మగవాళ్ల పేరు పుట్టినప్పటి నుంచి పోయేవరకూ ఒకటే. ఆడవాళ్ల కాగితాలే ఒకదానితో ఒకటి కలవవు. ఈ చర్చలో ఈ సంగతి ఇంతవరకూ ఎవరూ ఎత్తకపోవడం నాకు బాధేసింది.

గాజువాక_ఉక్కు
నిజమే లక్ష్మిగారూ. మా ఆవిడ కార్డు ఇప్పుడే తీసి చూశాను. ఇంటిపేరు ఇంకా వాళ్ల నాన్నగారిదే ఉంది. ఆధార్‌లో మాది. ఇన్నాళ్లూ నేను గమనించలేదు. నా మాట మార్చుకోను, జాబితా శుభ్రం చెయ్యాలి. కానీ పేరు తీసేముందు ఇంటి గుమ్మం ఎక్కి మనిషిని చూడాలి, అది కూడా ఒప్పుకుంటున్నా.

సాగరతీరం
ఏజెంట్లు బూత్‌లో అభ్యంతరం పెడితే ఏమవుతుంది మాస్టారూ? మా వీధిలో ఒకబ్బాయిని ఆపారట.

డ్యూటీ_మాస్టారు
దాన్ని చాలెంజ్ ఓటంటారు. "ఈయన ఆయన కాదు" అనే ఏజెంటు రెండు రూపాయలు కట్టాలి. రెండే. ప్రిసైడింగ్ ఆఫీసరు అక్కడికక్కడే విచారిస్తాడు. నేను ఒకసారి చేశాను. గడ్డం పెంచుకొచ్చిన కుర్రాడు, కార్డులో నున్నటి మొహం. లైన్లో ఉన్న పాలాయన్ని పిలిచి "ఈ అబ్బాయెవరు?" అంటే "మా ఈశ్వర్రావు కొడుకు, రోజూ అర లీటరు" అన్నాడు. ఓటేయించాను. పేరు గట్టిగా చదివి ఏజెంట్లందరికీ వినిపించడం ఎందుకంటే ఇందుకే. వీధికి వీధి తెలుసు.

లాసన్స్‌బే_అమ్మమ్మ_మనవడు
మా అమ్మమ్మకి 86. నడవలేదు. ఇంటికొచ్చి ఓటేయిస్తారట కదా?

డ్యూటీ_మాస్టారు
85 దాటినవాళ్లకీ, 40 శాతం పైన వైకల్యం ఉన్నవాళ్లకీ ఉంది. ఫారం-12డి. నోటిఫికేషన్ వచ్చిన అయిదు రోజుల్లోపు ఇవ్వాలి. అది దాటితే కుదరదు. ఒకసారి అది తీసుకుంటే మళ్లీ బూత్‌కి వెళ్లి వెయ్యలేరు.

కంచరపాలెం_చిన్నా
అప్‌డేట్ ఇస్తున్నా. నాలుగు వారాలైంది. మాస్టారు చెప్పినట్టే ఫారం-6 పెట్టాను. వయసుకి ఆధార్, ఇంటికి కరెంటు బిల్లు. పోయినావిడ కొడుకుని కూడా తీసుకెళ్లాను, ఆయనే వాళ్లమ్మ మీద ఫారం-7 ఇచ్చాడు, మరణ పత్రం జత చేసి. ఆయన కూడా బాధపడ్డాడు, "మా అమ్మ పేరుండి మీ అమ్మ పేరు పోవడమేంటి" అని.

బీఎల్‌ఓ మొన్న శనివారం ఇంటికొచ్చింది. చిన్నమ్మాయి, ఎండకి మొహం కందిపోయింది. అమ్మ మజ్జిగిచ్చింది. "మీరే అప్పలనరసమ్మగారా?" అని అడిగితే అమ్మ కార్డు తీసి చేతిలో పెట్టి, "నానేనమ్మా. సూసుకో" అంది. ఆ అమ్మాయి ఫొటోనీ అమ్మనీ రెండుసార్లు చూసింది. తర్వాత తలొంచుకుని టిక్కు పెట్టుకుంది.

ఇవాళ పొద్దున వెబ్‌సైట్లో వెతికాను. పేరొచ్చింది. తొలగింపు ముద్ర లేదు. కొత్త కార్డు పోస్టులో వస్తుందట. పాతది మాత్రం అమ్మ ఇవ్వనంటోంది, మళ్లీ అగరొత్తుల కవరులో పెట్టేసింది.

జాలారి_నూకాలు
అమ్మకి నా దండాలు సెప్పు బాబూ. ఈరావల్ కుర్రోడు ఫోన్ ఎత్తేడు. ఆడి పేరు ఉంది గాని వాళ్లమ్మ పేరు లేదు. ఏ ఫారం అన్నావు, ఆరా?

కంచరపాలెం_చిన్నా
ఆరే అక్కా. ఆదివారం నేనొస్తా మీ పేటకి. ఆధార్, కరెంటు బిల్లు తీసి ఉంచమనండి. ఇంకెవరివైనా ఉంటే వాళ్లనీ రమ్మనండి.